బరువు ఎక్కడికి పోతుంది?

పందెపు కారును గూర్చి మన కళాశాల వార్షిక సంచికలో వ్యాసమేమిటని పాఠక మహాశయులు ఆశ్చర్యపడవచ్చు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల రహదారులపై నిత్యం మన కంటబడేవి ఆర్టీసీ బస్సులు, బొగ్గు లారీలు, పత్తి బండ్లు, ఆటోలు. అటువంటి చోట, రెండు సీట్ల వేగపు కారులో పది కిలోలు తగ్గించడానికి బ్యాటరీని ఎక్కడికి మార్చాలి, దాని బదులు మరేది అమర్చాలి అన్న చర్చ కలవారి కాలక్షేపంగా తోచడం సహజమే. కాని ఈ చిన్న ప్రశ్న మమ్మల్ని భౌతికశాస్త్ర తరగతి నుండి బ్యాటరీ దుకాణానికి, అక్కడి నుండి బొగ్గుగని కార్మికుని ఇంటి గడప వరకు నడిపించింది. ఆ దారిలో మేము గ్రహించిన దానిని సహాధ్యాయుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము నలుగురు మిత్రులము. ఇద్దరిది కరీంనగర్, ఒకరిది గోదావరిఖని, మరొకరిది ఆదిలాబాద్. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ తీరాన విద్యుత్ కార్ల పందెం 'ఫార్ములా ఇ' జరిగిన నాటి నుండి మా సాయంకాలపు ముచ్చట్లలో కార్ల ప్రసక్తి అధికమయింది. వేగపు కార్ల ప్రియులు బ్యాటరీని బానెట్ కింద నుండి తీసి వెనుక డిక్కీలోకి మారుస్తారని, అందువలన కారు తేలికవుతుందని ఒక మాట మా మధ్యకు వచ్చింది. ఇది నిజమేనా? తర్కంతో తేలని దానిని తరాజుతో తేల్చుకొనదలచి, మాకు పరిచయమున్న ఒక వృద్ధ బ్యాటరీ మిస్త్రీ వద్దకు వెళ్లాము. ఊరందరికీ ఆయన 'చాచా'. నాలుగు దశాబ్దాలుగా సీసపు పలకల మధ్య జీవించిన మనిషి. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుగుకొననిదే చాయ్ గ్లాసు ముట్టడు. సీసం విషమని ఆయనకు ఏ పుస్తకమూ చెప్పలేదు, అనుభవం చెప్పింది.

చాచా ఒక పాత కారు బ్యాటరీని తరాజుపై పెట్టాడు. 16 కిలోలు తూగింది. మేము అడిగిన ప్రశ్న విని చిరునవ్వు నవ్వి, "బేటా, బరువు ఏడికీ పోదు. జాగ మారుతది, గంతే" అన్నాడు.

ఆ మాటలోని సత్యాన్ని కాగితంపై లెక్కించి చూచాము. కారు బరువు 1000 కిలోలు అనుకొందాము. ముందు ఇరుసుపైన ఉన్న 16 కిలోల బ్యాటరీని సరిగ్గా వెనుక ఇరుసుపైకి మారిస్తే, ముందు చక్రాలపై భారం 16 కిలోలు తగ్గుతుంది, వెనుక చక్రాలపై అంతే పెరుగుతుంది. మొత్తం మారదు. పైపెచ్చు, బ్యాటరీ నుండి సెల్ఫ్ మోటారు వరకు పొడవైన రాగి కేబుల్ కావలసివస్తుంది. 35 చదరపు మిల్లీమీటర్ల మందం, 4 మీటర్ల పొడవు గల కేబుల్‌లో రాగి ఒక్కటే సుమారు కిలోంబావు ఉంటుంది. అనగా స్థానం మార్చినందువలన కారు తేలిక కాకపోగా, కొంత బరువెక్కుతుంది! ఇంజన్‌ను కదిలించే క్షణంలో ఆ కేబుల్‌లో 200 ఆంపియర్ల విద్యుత్తు ప్రవహిస్తే, ఓమ్ సూత్రం ప్రకారం దాదాపు 0.4 వోల్టు దారిలోనే నష్టమవుతుంది.

మరి నిపుణులు ఈ శ్రమ ఎందుకు పడతారు? మలుపులో కారు నిలకడ మొత్తం బరువు మీదనే గాక, ఆ బరువు నాలుగు చక్రాలకు ఎట్లా పంపిణీ అయిందన్న దానిమీద కూడా ఆధారపడుతుంది. ఇంజన్ ముందున్న కారులో ముందు చక్రాలపై భారం హెచ్చు. బ్యాటరీని వెనుకకు పంపితే ఆ తేడా కొంత సర్దుకొంటుంది. 1989లో వెలువడిన జపాన్ వారి మాజ్డా ఎంఎక్స్-5 అనే చిన్న వేగపు కారులో తయారీదారులే బ్యాటరీని డిక్కీలో అమర్చారు. మన ప్రాంతానికి ఇందులో మరొక లాభం కూడా ఉన్నది. రామగుండం పరిసరాల్లో వేసవిలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటిన రోజులు మనకు కొత్త కాదు. మూసిన బానెట్ కింద వేడి అంతకన్న ఎక్కువగా బాధిస్తుంది. సీసపు బ్యాటరీ ఆయుష్షును హరించేది ఆ వేడే. వెనుకకు మారిన బ్యాటరీ చల్లగా, ఎక్కువ కాలం బ్రతుకుతుంది.

అయితే ఇది పానా పట్టిన ప్రతివాడూ చేయదగిన పని కాదని చాచా హెచ్చరించాడు. చార్జింగ్ సమయంలో సీసపు బ్యాటరీ నుండి హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. అది డిక్కీలో నిలువ ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. కనుక వాయువు బయటికి పోవడానికి గొట్టం తప్పనిసరి. కేబుల్ రేకును దాటే రంధ్రం వద్ద రబ్బరు తొడుగు లేకపోతే, కొంతకాలానికి పైపొర కోసుకుపోయి రాగి రేకును తాకుతుంది. అందుచేత బ్యాటరీకి అతి సమీపంలోనే ఫ్యూజు ఉండాలి. బ్యాటరీని ఇనుప పట్టీతో గట్టిగా బిగించాలి. ప్రమాదం జరిగినప్పుడు వదులుగా ఉన్న 16 కిలోల వస్తువు రాయి వంటిదే.

నిజంగా బరువు తగ్గాలంటే బ్యాటరీ స్థానం మారితే చాలదు, దాని జాతి మారాలి. సీసపు బ్యాటరీని 1859లో ఫ్రాన్స్ దేశస్థుడు గాస్టన్ ప్లాంటే కనుగొన్నాడు. శతాబ్దంన్నర గడిచినా సీసం బరువు సీసానిదే. 1997లో అమెరికాలో జాన్ గుడెనఫ్ బృందం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే పదార్థాన్ని బ్యాటరీకి అనువైనదిగా ప్రకటించింది. ఆ పరిశోధనలో పాఢి, నంజుండస్వామి అనే భారతీయ నామధేయులు ఉండడం మనకు గర్వకారణం. ఈ జాతి సెల్ ఒక్కటి 3.2 వోల్టులు ఇస్తుంది. నాలుగు కలిస్తే 12.8 వోల్టులు. అందుచేత ఇది 12 వోల్టుల సీసపు బ్యాటరీ స్థానంలో సులువుగా ఇముడుతుంది. జర్మనీకి చెందిన పోర్షే సంస్థ 2009 చివర ప్రకటించి, 2010 నుండి కొన్ని వేగపు కార్లకు లిథియం బ్యాటరీని ఐచ్ఛికంగా అందించింది. దాని బరువు 6 కిలోల లోపు, అనగా పాతదానికన్న 10 కిలోలకు పైగా తక్కువ. వెల మాత్రం సుమారు 1,900 యూరోలు! పైగా గడ్డకట్టే చలిలో అది బలహీనపడుతుంది గనుక, శీతకాలానికని సాధారణ బ్యాటరీని కూడా ఆ సంస్థ జతగా ఇచ్చింది. ఇది విన్న మా ఆదిలాబాద్ మిత్రుడు, "మా ఊరి చలికి ఇది ఆగుతుందా?" అని అడిగాడు. తెలంగాణలో చలికి పేరుపొందిన ఆ ఊరిలో కూడా నీరు గడ్డకట్టే చలి రాదు గనుక, అక్కడ దానికి పెద్ద భయం లేదని తేల్చుకొన్నాము.

వెయ్యి కిలోల కారులో పది కిలోలు అంటే నూటికి ఒక వంతు. అంత వెల పెట్టి సంపాదించేది ఆ ఒక్క వంతు చురుకుదనమే. ఈ లెక్క ముగించి లేవబోతుండగా, అంతసేపూ మౌనంగా ఉన్న మా గోదావరిఖని మిత్రుడు, "మా బాపు నడుముకు కూడా సీసపు బ్యాటరీయే ఉండేది" అన్నాడు.

ఆ మరుసటి ఆదివారం మేము అతని ఇంటికి వెళ్లాము. గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి పరిసరాల వారికి ఇది చెప్పనక్కరలేదు. భూగర్భ గనిలోకి దిగే కార్మికుని టోపీకి దీపం, దాని నుండి వీపు మీదుగా దిగే తీగ, నడుము పట్టీకి బ్యాటరీ ఉండేవి. పాతకాలపు సీసపు బ్యాటరీ దీపం రెండు కిలోలకు పైబడి ఉండేది. మిత్రుని తండ్రిగారు పదవీ విరమణ చేసి చాలా ఏండ్లయింది. కాని కూర్చున్నప్పుడు కుడి అరచేయి నడుముపై ఆనించుకొనే అలవాటు ఆయనను ఇంకా విడువలేదు. "దిగేటప్పుడు బరువు యాదికి రాదు బిడ్డా, ఎక్కేటప్పుడే తెలుస్తది" అన్నారాయన. తరువాతి కాలంలో లిథియం దీపాలు వచ్చాయి. వాటిలో తీగ లేకుండా టోపీకే అమరేవి, కొన్ని వందల గ్రాములే తూగేవి కూడా ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో బస్సులో కూర్చొని మరల లెక్క వేసుకొన్నాము. 50 కిలోల మనిషి మోసే 2 కిలోలు నూటికి నాలుగు వంతులు. అదీ ఎనిమిది గంటల షిఫ్టు, ఏండ్ల తరబడి. పందెపు కారు యజమాని నూటికి ఒక వంతు కొరకు వేలకు వేలు ఖర్చు పెడుతున్నాడు. ఆ ఒక్క వంతు మన ఇండ్లలో నాలుగు వంతులు. వేగం కొరకు జరిగిన పరిశోధనైనా, కార్మికుని నడుము కొరకు జరిగినదైనా రసాయన శాస్త్రం ఒక్కటే. కనుక ఈ విద్య మనది కాదనుకొనడం మనకే నష్టం.

అయితే చాచా చెప్పిన మాట ఇక్కడ కూడా వర్తిస్తుంది. బరువు ఎక్కడికీ పోదు, స్థానం మారుతుంది. పాత బ్యాటరీని చాచా విప్పేవాడు, పలకలు మార్చేవాడు, యాసిడ్ నింపేవాడు. లిథియం బ్యాటరీ మూసిన పెట్టె. అందులో సెల్‌లను కాపాడే ఎలక్ట్రానిక్ పలక ఉంటుంది. దానిని విప్పే విద్య ఆయనకు ఎవరూ నేర్పలేదు. "నా కొడుకు ఈ దుకాణంల ఏం పని చేయాలె?" అని ఆయన అడిగినప్పుడు మా వద్ద సమాధానం లేకపోయింది. కారు నుండి, గని కార్మికుని నడుము నుండి దిగిన భారం ఆ తండ్రి గుండెపైకి చేరడం న్యాయమేనా? 2023 మే నెలలో మహబూబ్‌నగర్ జిల్లా దివిటిపల్లిలో లిథియం బ్యాటరీల భారీ కర్మాగారానికి శంకుస్థాపన జరిగింది. ఆ పరిశ్రమలో మన జిల్లాల యువకులకు స్థానం దొరకాలంటే శిక్షణ నేడే ఆరంభం కావాలి.

కళాశాల కమిటీ పెద్దలకు మా వినయపూర్వక విన్నపం ఒక్కటే. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక బల్ల, ఒక మంచి తరాజు, ఒక సీసపు బ్యాటరీ, నాలుగు లిథియం సెల్‌లు, ఒక మల్టీమీటరు ఏర్పాటు చేయండి. వారానికి ఒక సాయంకాలం విద్యార్థులతో పాటు పట్టణంలోని బ్యాటరీ మిస్త్రీలను, వారి పిల్లలను కూడా ఆహ్వానించండి. పాఠం ఉర్దూలోనూ, తెలుగులోనూ సాగవచ్చు. మేము కొత్త సెల్ లెక్కలు చెబుతాము, వారు తీగ బిగించే ఒడుపు మాకు నేర్పుతారు. ఫ్యూజు ఎక్కడ ఉండాలో పుస్తకం చెబుతుంది గాని, బిగింపు ఎంత గట్టిగా ఉండాలో చాచా చేయి మాత్రమే చెప్పగలదు.