బండి పరుగు బొమ్మలో కనబడాలి

వందేభారత్ రైలు మా కామసముద్రం స్టేషను మీదుగా దూసుకుపోతున్న ఫోటోలంటూ కొన్ని మా వాట్సాప్ గ్రూపుల్లో తెగ తిరుగుతున్నాయి. చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దూసుకుపోతోందని కింద రాశారు గనక తెలియాలి గాని, బొమ్మలో బండి నిలబడే ఉంది. కిటికీ అద్దం మీద మరక కూడా లెక్కపెట్టొచ్చు. 2022 నవంబరులో చెన్నై, మైసూరుల మధ్య మొదలైన ఈ బండికి మా స్టేషన్లో స్టాపు లేదు. స్టాపు లేని బండిని ఫోటోలో నిలబెట్టేస్తే దాని వేగం ఏమైపోయినట్టు?

లెక్క చూడండి. గంటకు 110 కిలోమీటర్లంటే సెకనుకు 30 మీటర్ల పైమాటే. షట్టరు సెకనులో 1000వ వంతు తెరుచుకుంటే బండి జరిగేది మూడు సెంటీమీటర్లు. బొమ్మలో అది కంటికి ఆనదు. 30వ వంతు పెడితే మీటరు జరుగుతుంది. ఆ మీటరును బొమ్మలోకి రానివ్వండనే నేను మొత్తుకునేది.

రానివ్వడానికీ ఒక పద్ధతుంది. కాళ్లు కదపకుండా నడుము మీద తిరుగుతూ, బండి దూరాన ఉన్నప్పుడే కెమెరాతో దాన్ని పట్టుకోవాలి. సరిగ్గా ఎదురుగా వచ్చినప్పుడు నొక్కాలి. నొక్కాక కూడా చెయ్యి ఆగకూడదు, బండితోపాటు సాగాలి. అప్పుడు బండి మీది నంబరు నిలుస్తుంది, వెనక చింతచెట్లు పచ్చటి చారలవుతాయి. మా కోలారు ఎండలో మిట్టమధ్యాహ్నం ఇది కుదరదు. ఐఎస్ఓ 100 పెట్టి, ఎపర్చర్ ఎఫ్16కు మూసినా షట్టరు 100వ వంతు దగ్గరే ఉండాల్సి వస్తుంది. వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరన్నా తగిలించాలి, పొద్దు వాలేదాకా అన్నా కాచుకోవాలి. నేను కాచుకునే రకం.

బండే కాదు, ఎద్దు పరుగైనా అంతే. సంక్రాంతి వెళ్లాక కుప్పం వైపు పల్లెల్లో ఎద్దుల్ని పరుగు పెట్టిస్తారు. అక్కడ తీసిన నా బొమ్మ ఒకదాన్ని ఓ పోటీలో ‘షేక్ అయింది’ అని పక్కన పెట్టారు. ఆ మాట నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. ఎద్దు కొమ్ములకు చుట్టిన రంగు కాగితం, ఒక కన్ను స్పష్టంగా ఉన్నాయి. కాళ్లు మాత్రం దుమ్ములో కలిసిపోయాయి, ఎన్నున్నాయో చెప్పలేం. వీధిలో నిలబడి చూసినవాడికి ఆ క్షణాన కనబడేదీ అంతే. ఫ్రాన్సులో లార్తీగ్ అనే కుర్రాడు 1910ల తొలినాళ్లలో రేసుకారును తీశాడు. కెమెరాను కారుతోపాటు తిప్పాడు గాని అంత వేగంగా తిప్పలేకపోయాడు. ఆ కెమెరా షట్టరు సన్నని చీలికలా జరిగేది. దాంతో బొమ్మలో కారు చక్రం కోడిగుడ్డులా ముందుకు వాలింది, పక్కన చూసేవాళ్లు వెనక్కి ఒరిగారు. 1963లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం ఆయన ఫోటోలకు ప్రదర్శన పెట్టింది. మావైపు న్యాయనిర్ణేతలు ఆ ఒక్క బొమ్మను ఎదుట పెట్టుకుని కూర్చుంటే బాగుండును.

ఇంతకన్నా నాకు ఇష్టమైనది పొద్దున ప్యాసింజర్ వేళ. 2001 ఫిబ్రవరి 28న కేజీఎఫ్ బంగారు గనులు మూతపడ్డాయి. ఆ తర్వాత అక్కడి కార్మికుల పిల్లలు వేలమంది బెంగళూరు బండ్లనే నమ్ముకున్నారు. తెల్లవారకముందే మారికుప్పంలో, ఊరుగాంలో ఎక్కుతారు, రాత్రికి గాని ఇల్లు చేరరు. మా కామసముద్రంలోనూ అదే పరుగు. బల్ల మీద కెమెరా ఆనించి, 8వ వంతు పెట్టి తీస్తే, ఊరిపేరు బోర్డు చెక్కుచెదరకుండా నిలుస్తుంది, మనుషులంతా గీతలైపోతారు. ఒక చేతిలో టిఫిన్ క్యారియర్ మెరుపు, ఒక చున్నీ అంచు, మెట్టు మీద ఒక చెప్పు. ముఖాలు దొరకవు. ఈ జిల్లా ఇరవయ్యేళ్లకు పైగా ఎలా బతుకుతోందో అందులో ఉంది. ఆ బొమ్మలు తీసేవాళ్లు తక్కువ. గని గోపురాలనూ సైనైడు దిబ్బలనూ తీసేవాళ్లు కావలసినంతమంది.

మీ ఫోన్లో ప్రో మోడ్ ఉంటే షట్టరు 1/30కి దించి రేపు పొద్దున స్టేషనుకు వెళ్లండి. పట్టాల దగ్గరికి మాత్రం పోవద్దు, పసుపు గీత వెనకే నిలబడి తీయండి.