తవిటమ్మ పేరు దొరికింది!

ఏ తీర్థానికెళ్లినా పేర్ల కీచైన్ల దుకాణం ముందు పిల్లలు మూగుతారు. సాయి, స్వాతి, లక్ష్మి, రాజు... వరసగా వేలాడుతుంటాయి. మా అమ్మమ్మ పేరు మాత్రం నాకెక్కడా కనిపించలేదు. ఆవిడ తవిటమ్మ!

పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల్లో ఇది కొత్త పేరేం కాదు. పుట్టిన పిల్లలు దక్కకపోతే, తర్వాతి బిడ్డను ఇరుగుపొరుగుకి కాస్త తవుడుకి అమ్మినట్టు చేసి, మళ్లీ తెచ్చుకునేవారు. అలా దక్కినవాళ్లే తవుడు, తవిటమ్మ, తవిటినాయుడు. మృత్యువు కళ్లుగప్పడానికి పెట్టుకున్న పేర్లన్నమాట! నలుగురిలో ఆ పేరు చెప్పుకోవడానికి మొహమాటపడేవాళ్లూ ఉన్నారు.

గున్నమ్మ పేరూ ఆ దుకాణాల్లో దొరకదు. 1940లో మందస జమీందారీ రైతుల పోరాటంలో పోలీసు కాల్పులకు ప్రాణాలర్పించిన సాసుమాన గున్నమ్మ ఈ ప్రాంతం ఆడపడుచే.

మొన్న పలాస స్టేషన్లో దిగి, అందరిలాగే జీడిపప్పు కొన్నా. పక్కనే స్టీలు సామాన్ల కొట్టు. అమ్మమ్మకని ఓ చెంబు తీసుకున్నా.

'పేరేం వెయ్యమంటారు?' అన్నాడు కుర్రాడు.

చెప్పా. నవ్వుతాడేమో అనుకున్నా. ఇంటిపేరు అక్షరం కూడా వెయ్యాలా అని మాత్రం అడిగాడు. మిషను గిర్రుమంది. చుక్కలు చుక్కలుగా 'తవిటమ్మ' చెంబు మీద తేలింది. కీచైన్ల వాడి దగ్గర ఉన్న పేరే తీసుకోవాలి. ఇక్కడ మన పేరు చెబితే చాలు!

అమ్మమ్మకు చదువు రాదు. ఆ చుక్కల మీద వేలు పోనిచ్చి, 'ఇది నా పేరేటి?' అంది. ఆ రోజు నుంచీ ఆ చెంబుతో ఇంకెవర్నీ నీళ్లు తాగనివ్వడంలేదు!