సరిపడా

మొన్న క్లాసు అయిపోయాక ఓ విద్యార్థిని స్టాఫ్‌రూం బయట ఆగింది. "మేడం, మీరు సన్‌స్క్రీన్ రాసుకుంటారా?" అని అడిగింది. నా బ్యాగులో ట్యూబు చూసిందట. ఆ అడగడంలో ఎగతాళి ఏమీ లేదు. అయినా నేను తడబడ్డాను. ఎందుకు తడబడ్డానో ఈ వారం రాస్తున్నాను.

మూడేళ్ల కిందట నా బుగ్గల మీద మంగు మొదలైంది. అద్దంలో చూసుకుంటే అమ్మ మొహం కనబడింది. అమ్మకి రెండు బుగ్గల మీదా, ముక్కు మీదా మంగు. మా పల్లెలో కూలికి పోయే ఆడవాళ్లలో చాలామందికి ఉంటుంది. మాది గుంటూరు వైపు. ఫిబ్రవరి, మార్చి ఎండల్లో మిరపకాయ కోత. అమ్మ చీర మీద నాన్న పాత చొక్కా తొడుక్కుని, తలకి తువ్వాలు చుట్టుకుని పోయేది. చేతులు దాగేవి, మెడ దాగేది. మొహం ఒక్కటే ఎండకి మిగిలేది.

"ఇదెందుకొచ్చిందమ్మా?" అని చిన్నప్పుడు అడిగితే "మీరు పుట్టాక వచ్చిందిలే" అనేది. అది సగం నిజం. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల మార్పు వల్ల మంగు మొదలవ్వొచ్చు. ఎండ దాన్ని ముదరబెడుతుంది. ఆ రెండో సగం అమ్మకి ఎవరూ చెప్పలేదు. నేను తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేశాను. ప్రబంధ నాయికల చంద్రబింబం మొహాల గురించి గంట సేపు పాఠం చెప్పగలను. మంగు పట్టిన మొహం గురించి మాత్రం డాక్టర్ దగ్గర కూర్చున్నాకే తెలుసుకున్నాను.

"సన్‌స్క్రీన్ రాస్తున్నారా?" అని అడిగింది డాక్టర్.

"ఏడాదిగా రాస్తున్నానండీ."

"ఎంత రాస్తారో చూపించండి."

వేలి కొస మీద శనగగింజంత పెట్టి చూపించాను. ఆమె నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, చూపుడువేలు మీదా నడిమివేలు మీదా మొదలు నుంచి కొస దాకా రెండు గీతలు నొక్కింది. "మొహానికీ మెడకీ కలిపి ఇంత. బయట తిరిగితే రెండు గంటలకోసారి మళ్లీ ఇంత" అంది.

"అంతా?" అన్నాను. నా నోట్లోంచి మొదట వచ్చిన మాట అదే. వెంటనే లెక్క కట్టాను. ఒక్కసారికి దాదాపు గ్రాము. రోజుకి రెండుసార్లంటే 50 గ్రాముల ట్యూబు నెల కూడా రాదు. నేను ఒక్క ట్యూబుని అయిదు నెలలు వాడాను!

తర్వాత చదివితే తెలిసింది. ట్యూబు మీద ఎస్‌పీఎఫ్ 30, 50 అని ఉండే అంకె, చదరపు సెంటీమీటరు చర్మానికి 2 మిల్లీగ్రాముల చొప్పున పూసి పరీక్షిస్తే వచ్చేది. మనలో ఎక్కువమంది రాసుకునేది అందులో సగం, కొందరైతే పావు వంతు. కొలత తగ్గితే రక్షణా తగ్గుతుంది. 50 అని కొనుక్కుని 50 ఉందన్న నమ్మకంతో ఎండలోకి పోతాం. చర్మం మీద మాత్రం అంత ఉండదు.

మరి తడబాటు ఎక్కడిదంటారా? ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సహోద్యోగి నా ట్యూబు చూసి "మీ రంగుకి ఇదెందుకండీ?" అన్నారు. ఇంకొకరు "తెల్లబడదామనా?" అన్నారు. ఆ రెండు మాటలూ ఒక్క చోటు నుంచే వస్తాయి. నల్లగా ఉన్నవాళ్ల చర్మానికి నొప్పి ఉండదని ఒకరి నమ్మకం. నల్లగా ఉన్నవాళ్లకి తెల్లబడడం తప్ప వేరే కోరిక ఉండదని ఇంకొకరి నమ్మకం.

నిజం చెప్పుకుందాం. నలుపు మనకి కొంత కాపుదల ఇస్తుంది. అమెరికాలో 1979లో జరిగిన ఒక పరిశోధనలో నల్లజాతివారి పైచర్మానికి సహజంగానే ఎస్‌పీఎఫ్ 13 చొప్పున ఉన్నట్టు, తెల్లవారికి మూడు పైచిలుకే ఉన్నట్టు తేలింది. చర్మ క్యాన్సర్ ముప్పు మనకి తక్కువే. కానీ మంగు, నల్లమచ్చలు మనలాంటి చర్మాన్నే ఎక్కువగా పట్టుకుంటాయి. వాటికి అతినీలలోహిత కిరణాలే కాదు, కంటికి కనబడే వెలుతురు కూడా కారణం. దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్ కలిపిన రంగు సన్‌స్క్రీన్. నాలుగు షాపులు తిరిగాను, నా రంగుకి సరిపోయేది దొరకలేదు. దొరికినవి రాసుకుంటే మొహానికి బూడిద పూసినట్టుంది.

అమ్మకి కూడా ఒక ట్యూబు కొనిచ్చాను. మూడు నెలల తర్వాత పోయి చూస్తే దాదాపు నిండుగానే ఉంది.

"ఆదివారం చర్చికి పోయేటప్పుడు రాసుకుంటన్నాగా" అంది.

"ఎండలోకి పోయేటప్పుడు రాసుకోవాలమ్మా."

"ఇంత ఖరీదైంది చేలో చెమటకి పోగొట్టుకుంటానా? అయినా మిరపకాయలు కోసే చేత్తో మొహం ముట్టుకుంటారంటే?"

నా దగ్గర జవాబు లేదు. రెండు గంటలకోసారి రాసుకోమన్న డాక్టరూ నేనూ ఆ చేతుల గురించి ఆలోచించలేదు. ఖరీదు సంగతికొస్తే అమ్మ లెక్కా నా శనగగింజ లెక్కా ఒకటే. తలనూనె, పౌడరు, సబ్బు, అన్నిట్లోనూ కొంచెమే తీసుకుని మిగతాది దాచడం మా ఇంట్లో నేర్పిన చదువు. జీతం వచ్చినా ఆ చదువు నా వేళ్లని వదల్లేదు.

ఎండలో పనిచేసేవాళ్లకి క్రీము ఒక్కటే చాలదు. గుడ్డ, నీడ, ఎండ ముదరకముందే పని ఆపడం ముందు కావాలి. 2005 ఉపాధి హామీ చట్టం పనిచోట నీడ, తాగునీరు, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలంది. అమ్మ పోయిన చెరువు పనిలో నీడంటే గట్టు మీది తుమ్మచెట్టు. ట్యూబు మీది అంకె లాంటిదే చట్టంలో రాసిన మాట. సరిపడా పూస్తేనే పనిచేస్తుంది.

ఆ అమ్మాయికి ఆ రోజు సరిగా చెప్పలేకపోయాను, ఇప్పుడు చెప్తున్నా. రాసుకుంటాను తల్లీ. తెల్లబడడానికి కాదు, నా రంగు చెడకుండా ఉండడానికి. డబ్బు తక్కువైతే ముందు గొడుగు, చున్నీ వాడు. వాటికి అందని చోటే క్రీము రాసుకో. రాసుకునే చోట మాత్రం పొదుపు చెయ్యకు.

పోయిన నెల ఇంటికెళ్లాను. అమ్మ కోతకి పోయే ముందు నేను చూపించినట్టే రెండు వేళ్ల మీద రెండు గీతలు నొక్కింది. కాసేపు చూసి, ఒక వేలిది తీసి నా బుగ్గలకి రాసింది.

"అది నీకేనమ్మా, ఇంకోసారి నొక్కు" అన్నాను.

నొక్కింది.

జై భీమ్.