వకాల్తా పుచ్చుకొన్న వస్తువులు

తెలుగు పంతులుకు కంప్యూటరు భాషలతో పనేమిటని ఈ వ్యాసం చూచినవారు అనుకోవచ్చు. పని ఉన్నది. నేను తెలుగు చెప్పే తరగతులలో కంప్యూటరు సైన్సు విద్యార్థులే అధికం. వారిలో కొందరు ఉర్దూ మాధ్యమం నుండి, కొందరు తెలుగు మాధ్యమం నుండి వచ్చినవారు. ఆంగ్ల పాఠ్యపుస్తకం ఉభయులకూ కొరకరాని కొయ్యయే. గత సంవత్సరం ఒక విద్యార్థిని ‘డెలిగేషన్’ అనే మాటకు తెలుగు చెప్పమని అడిగింది. ‘అధికార ప్రదానం’, ‘ప్రతినిధి వర్గం’ అనేవి పత్రికల వాడుకలో ఉన్నవే. వాటిని వల్లిస్తే పరీక్షలో మార్కులు వచ్చునేమో గాని విషయం బోధపడదు. మాటకు ముందు పనిని తెలుసుకోవాలి.

నేటి కంప్యూటరు భాషలు పెక్కింటిలో పని అంతా ‘ఆబ్జెక్టులు’ అనబడే వస్తువుల మధ్య సంభాషణగా నడుస్తుంది. ఒక్కొక్క వస్తువు వద్ద కొంత సమాచారం, పనులు చేసే కొన్ని తీరులు ఉంటాయి. ఆ తీరుకే ‘మెథడ్’ అని పేరు. సందేశం అందుకొన్న వస్తువు తనకు తెలిసిన మెథడ్‌ను నడిపి జవాబిస్తుంది. తెలియని సందేశమైతే, తెలిసిన మరొక వస్తువుకు అప్పగిస్తుంది. ఈ అప్పగింతలో రెండు విధాలున్నవి. పైకి రెండూ ఒక్కటిగానే కనబడతాయి. ఫలితంలో మాత్రం హస్తిమశకాంతరం.

ఒక విద్యాసంస్థకు ప్రధాన కార్యాలయం, సాయంకాల శాఖ ఉన్నవనుకొందాము. రసీదు ఇచ్చే మెథడ్ ప్రధాన కార్యాలయం వద్దనే ఉన్నది. అందులో ‘తన పేరు పైన వ్రాయుము, తన రుసుము క్రింద వేయుము’ అని ఉన్నది. ప్రధాన కార్యాలయం రుసుము 5,000 రూపాయలు, సాయంకాల శాఖది 2,000. విద్యార్థి సాయంకాల శాఖను రసీదు అడిగాడు. శాఖకు చేత కాక పనిని కార్యాలయానికి అప్పగించింది. ఇప్పుడు ‘తన’ అంటే ఎవరి? కార్యాలయానిదే అనుకొంటే రసీదులో 5,000 పడుతుంది. దీనిని ‘ఫార్వర్డింగ్’ అంటారు, మళ్లింపు అందాము. పని చేసే తీరు కార్యాలయానిదే అయినా ‘తన’ అనేది మొదట అడుగబడిన శాఖకే చెందినట్లయితే 2,000 పడుతుంది. అసలైన డెలిగేషన్ ఇదే. ఈ ‘తాను’ను కొన్ని భాషలలో ‘సెల్ఫ్’ అనీ, కొన్నింటిలో ‘దిస్’ అనీ వ్రాస్తారు.

ఈ భేదాన్ని విశదం చేసినవారిలో ముఖ్యుడు ఎం.ఐ.టి.కి చెందిన హెన్రీ లీబర్‌మన్. 1986లో ఆయన ప్రకటించిన వ్యాసం ఈ విషయానికి పునాదిరాయి వంటిది. ఆయన భావం స్థూలంగా ఇది: పని అప్పగించేటప్పుడు, మధ్యలో ఏ సందేహం వచ్చినా తిరిగి నన్నే అడుగు అని కూడా చెప్పి అప్పగించాలి. అదే సంవత్సరం కాలిఫోర్నియాలోని జెరాక్స్ పరిశోధన కేంద్రంలో డేవిడ్ అంగర్, రాండల్ స్మిత్ అనేవారు ఒక భాషను రూపొందించి, దానికి ‘సెల్ఫ్’ అనే పేరు పెట్టారు. అందులో జాతులు, వర్గాలు లేవు. ఉన్నవన్నీ వ్యక్తులే, ఒకరికి చేతకానిది మరొకరి ద్వారా జరుగుతుంది.

మన న్యాయస్థానాలలో ఈ పని ఎప్పటి నుండో ఉన్నది. వకాల్తానామా మీద సంతకం చేసిన కక్షిదారు తరఫున వకీలు మాట్లాడతాడు. చట్టం తెలిసినది వకీలుకు. వ్యాజ్యం మాత్రం కక్షిదారు పేరనే నడుస్తుంది, డిక్రీ కూడా అతని మీదనే. అరబ్బీ నుండి ఉర్దూ మీదుగా వచ్చి తెలుగైపోయిన ఈ మాట కంటె డెలిగేషన్‌కు తగినది నాకు తోచలేదు.

మన వాక్య నిర్మాణంలో కూడా దీని జాడ ఉన్నది. ‘అతడు తాను రేపు వస్తానన్నాడు’ అంటాము. ‘తాను’ ప్రథమ పురుష, ‘వస్తాను’ ఉత్తమ పురుష. కర్తకూ క్రియకూ పొత్తు కుదరలేదు. అయినా వాక్యం నిర్దుష్టం. చెబుతున్న నోరు వేరైనా, మాటలోని ‘నేను’ మొదట పలికినవానిదే అని ఆ క్రియ సాక్ష్యమిస్తున్నది. (దక్కనీలో ‘బోల్కే’ అనేది మన ‘అని’ చేసే పనినే చేస్తుంది. ఇరుగుపొరుగు భాషలు మరి.)

ఈ తేడా నాకు కంప్యూటరు చూడకముందే ఎరుక. కడప జిల్లాలోని మా ఊరి నుండి కువైటు వెళ్లినవారు ఎందరో. 1990ల చివర ఇంటింటా ఫోను లేదు; ఉత్తరమే దిక్కు. మా వీధిలో ఇండ్లలో మాట దక్కనీ. చాలమందికి చదవడం వచ్చిన లిపి తెలుగు ఒక్కటే. అక్షరం రాని ఆపాలు, ఖాలాలు దక్కనీలో చెప్పేవారు. పది పన్నెండేండ్ల నేను తెలుగులో వ్రాసేవాడిని. ‘నేను ఇక్కడ క్షేమం’ అని వ్రాసినప్పుడు ఆ ‘నేను’ నేను కాను. అక్షరం నాది, క్షేమం ఆమెది. పిల్లవాడికి జ్వరం తగ్గినదా, డబ్బు ఎంత కావాలి అనే చోట్ల కలం ఆపి ఆమె ముఖం చూడవలసినదే. ఆ సంగతులు నా వద్ద లేవు.

అదే వీధిలో మరొక వ్రాతగాడు ఉండేవాడు, పెద్దమనిషి. దస్తూరీ ముత్యాల వరుస. ఒక ఆపా తన కూతురిని హాస్టలులో చేర్చడానికి డబ్బు పంపమని భర్తకు వ్రాయించుకొన్నది. ఎంత అని ఆయన అడుగలేదు. తనకు న్యాయమని తోచిన అంకె, వెయ్యి రూపాయలని వ్రాసినాడు. వచ్చినది వెయ్యే. కావలసినది మూడు వేలు. ఆ పిల్ల ఆ ఏడు చేరలేదు, మరుసటి ఏడూ చేరలేదు. ఆయనలో మోసం లేదు, వ్రాతలో తప్పు లేదు. అడుగవలసిన చోట ఆమెను అడుగక తనను తాను అడుగుకొన్నాడు. కంప్యూటరు వారు ‘సెల్ఫ్ సమస్య’ అని పిలిచేది సరిగా దీనినే. తరగతిలో ఈ సంగతి చెప్పిన తరువాత ‘సెల్ఫ్ అంటే ఎవరు’ అని నన్ను ఎవరూ మరల అడుగలేదు.

అయితే మళ్లింపు ఎల్లప్పుడూ దోషమని నా అభిప్రాయం కాదు. తపాలా కార్యాలయంలో మనియార్డరు కట్టినప్పుడు వారి ముద్ర వారే వేయాలి, మన ముద్ర కాదు. మళ్లింపులో పని చేసేవాని గుట్టు వానికే ఉంటుంది. వకాల్తాలో వకీలు అడుగడుగునా కక్షిదారుకు లోబడి ఉండాలి. కక్షిదారు తప్పు జవాబిస్తే పని అంతా చెడుతుంది. నా ఆక్షేపణ ఒక్కటే: ఒకదానిని రెండవదాని పేరుతో పిలువరాదు. 1995లో జపాను దేశీయుడు యుకిహిరో మత్సుమోతో విడుదల చేసిన రూబీ భాషలో ‘డెలిగేట్’ అనే సాధనం ఉన్నది. అది చేసేది మళ్లింపే. పని అందుకొన్న వస్తువే అక్కడ ‘తాను’ అవుతుంది. అదే సంవత్సరం అమెరికాలో బ్రెండన్ ఐక్ రూపొందించిన జావాస్క్రిప్టు, ఆ పేరు పెట్టుకోకపోయినా, వకాల్తానే పాటిస్తుంది. ఎక్కడి నుండి మెథడ్ తెచ్చినా ‘దిస్’ మొదట పిలువబడిన వస్తువే. పాఠ్యపుస్తకం పేరును నమ్ముకొన్న విద్యార్థి గతి ఏమి కావాలి?

‘ఇన్హెరిటెన్స్’కు వారసత్వం అనే తెలుగు మాట స్థిరపడింది. వారసత్వం పుట్టుకతో వచ్చేది, తండ్రిని మార్చుకోలేము. వకాల్తాను వ్యాజ్యం నడుస్తుండగానే రద్దు చేసి మరొక వకీలును పెట్టుకోవచ్చు. సెల్ఫ్ భాషలో ఇది అక్షరాలా సాధ్యం: కార్యక్రమం నడుస్తుండగానే వస్తువు తన ఆధారాన్ని మార్చుకోగలదు. ఇవి రెండూ నిజంగా వేరా, ఒకటేనా అని పండితులు వాదించుకొన్నారు. 1987లో లిన్ స్టైన్ అనే విదుషీమణి రెండూ ఒకటేనని వ్యాసం వ్రాసింది. పిదప ఆమె, లీబర్‌మన్, అంగర్ ముగ్గురూ రాజీపడి తమ ఒప్పందానికి ‘ఓర్లాండో సంధి’ అని పేరు పెట్టుకొన్నారు. పండితులకు ఈపాటి సరసం ఉండటం నాకు నచ్చింది.

ఇప్పుడు కంప్యూటరు శాఖలోని ఒక మిత్రుడు, నేను కలిసి విద్యార్థుల కొరకు చిన్న పదకోశం కూర్చుతున్నాము. వకాల్తా, మళ్లింపు చేరినవి. ‘ప్రోటోటైప్’ వద్ద ఆగినాము. నేను ‘నమూనా’ అన్నాను. ఆయన ‘అచ్చు’ అన్నాడు. కాని అచ్చు నుండి తీసిన బొమ్మకు అచ్చుతో ఆపై సంబంధం ఉండదు, నమూనాను మార్చితే అమ్ముడుపోయిన చీర మారదు. జావాస్క్రిప్టులో ప్రోటోటైపును మార్చితే దాని మీద ఆధారపడిన వస్తువుల నడక అన్నింటా ఆ క్షణమే మారుతుంది. ఈ సంచిక అచ్చుకు వెళ్లే నాటికి కూడా మాట కుదరలేదు. విద్యార్థులకు ఎవరికైనా తోచితే నా గదికి వచ్చి చెప్పవచ్చును.