యంత్రానికి పెళ్లిపాట

రాత్రి తమ్ముడు ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’ పెట్టాడు. 1995లో మమోరు ఓషీ తీసిన యానిమే.
మొదట్లోనే ఒక సైబోర్గ్ ఒళ్లు తయారవుతుంటుంది. లోహపు పుర్రె, కండ, ఆపైన చర్మం. వెనకాల డప్పులు, ఆడవాళ్ల గొంతులు.

“అక్కా, ఇది పెళ్లిపాట, తెలుసా?” అన్నాడు వాడు.

ఒళ్లు జలదరించింది.

కెంజీ కవాయి ప్రాచీన జపనీస్ భాషలో కట్టిన పాట అది. పెళ్లికి దేవుడు దిగివస్తాడట. కానీ అక్కడ పందిరి లేదు, పెళ్లికొడుకు లేడు. ఎవరి పెళ్లి మరి?

చివరికిగానీ తెలియదు. మోతోకో అనే ఆ సైబోర్గ్, నెట్‌వర్క్‌లో పుట్టిన మరో చైతన్యంతో ఏకమైపోతుంది. మిగిలేది ఆమె కాదు, ఆ చైతన్యమూ కాదు.

అంతకుముందు మ్యూజియంలో పోరాటం. గోడమీద జీవపరిణామ వృక్షం. ట్యాంకు తూటాలు దాన్ని కింద నుంచి చీల్చుకుంటూ వెళ్లి సరిగ్గా మనిషి పేరు దగ్గర ఆగుతాయి! తర్వాత పైనుంచి రాలే ఈకలు, దేవదూత.

అదే ఏడాది టీవీలో వచ్చిన ‘ఎవాంగెలియన్’ అనే యానిమేలోని సిలువలు చూడ్డానికి బాగుంటాయనే పెట్టామని, ఆ బృందంలోని కజుయా సురుమాకి తర్వాత చెప్పాడు. ఓషీ సినిమాలో నాకలా అనిపించలేదు. ప్రాణం అంటే ఏమిటని అడగాల్సి వచ్చినప్పుడు, ఎంత భవిష్యత్తులో ఉన్నా మనం పాత పాటల దగ్గరికే వెళ్తాం కాబోలు.

మిమ్మల్ని ఇలా పట్టుకున్న యానిమే ఏదైనా ఉంటే చెప్పరూ? ఈ వారాంతం చూస్తాను.