ఇంజిన్ వేడెక్కే దాకా

విజయనగరం జిల్లా బాడంగి దగ్గర రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే ఉంది. అక్కడ సెస్నా 152 లాంటి రెండు సీట్ల శిక్షణ విమానాన్ని నిలబెడితే, దాని 110 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజిన్‌కు మన వాతావరణం కొత్త పాఠాలే చెబుతుంది.

తాళం తిప్పకముందే చాలా పని ఉంటుంది. ట్యాంకు అడుగు నుంచి కాస్త పెట్రోలు చిన్న గొట్టంలోకి పట్టి వెలుతురుకెత్తి చూడాలి. ఇంధనం లేత నీలం. నీళ్లు చేరితే అడుగున తామరాకు మీది బొట్టులా విడిగా నిలుస్తాయి. తేమ ఎక్కువైన కోస్తాలో ఈ పరీక్ష ఒక్క రోజూ మానకూడదు.

ప్రొపెల్లర్ దగ్గర ఎవరూ లేరని చూసుకుని, కేకేసి, స్టార్ట్ చేస్తారు. నిమిషానికి సుమారు వెయ్యి చుట్లు చాలు. 30 సెకన్లలో ఆయిల్ ప్రెషర్ ముల్లు లేవకపోతే వెంటనే ఆపేయాలి.

చలిదేశాల్లో ఇంజిన్‌ను ముందే బయటి నుంచి వేడిచేస్తారు. శ్రీకాకుళం ఎండల్లో బెంగ దానికి తలకిందులు: నేలమీద ఇంజిన్‌ను చల్లార్చే గాలి చాలదు, అందుకే విమానం ముక్కు గాలికెదురుగా పెట్టి నిలపాలి.

తేమ మాత్రం ఎండలోనూ వదలదు. వెచ్చటి గాలిలోనూ, ఇంధనాన్ని గాలితో కలిపే కార్బ్యురేటర్‌లో మంచు గడ్డకట్టొచ్చు. అందుకే 1,700 చుట్ల దగ్గర కార్బ్యురేటర్ హీట్‌ను పరీక్షిస్తారు. అప్పుడే, ఇంజిన్‌కు నిప్పురవ్వ అందించే రెండు మాగ్నెటోలనూ విడివిడిగా చూస్తారు. ఒక్కో మాగ్నెటోపై తగ్గుదల 125 చుట్లు దాటకూడదు.

ఉత్తరాంధ్ర పిల్లలు ఈ పనులన్నీ సొంత నేల మీదే నేర్చుకోవాలి. బాడంగి రన్‌వే లాంటివాటిని శిక్షణకు వాడే ఆలోచన ప్రభుత్వం చేయాలి.