రెండు వారాల అతిథి

స్కూలు సెలవులు దగ్గరపడి హైదరాబాద్ టిక్కెట్లు కూడా కొనేశాక మనవాళ్ళకి గుర్తొచ్చే ఆఖరి సమస్య కుక్క. పిల్లల పోరు పడలేక కొన్నదే అయినా సూట్‌కేసులో పెట్టుకెళ్ళలేం కదా! "అన్నయ్యా, రెండు వారాలు మావాడిని చూసుకుంటారా?" అని ఫోన్ చేస్తారు. మా ఇంట్లో అందరికీ జంతువులంటే ప్రాణం. అందుకని రెడింగ్ చుట్టుపక్కల తెలుగు కుక్కలు సగం మా సోఫా మీద నిద్రపోయినవే.

రెండేళ్ళ క్రితం డిసెంబరులో వచ్చిన కాకపూ సంగతి మాత్రం వేరు. చెవుల వెనక బొచ్చు అట్టలు కట్టి చర్మాన్ని లాగేస్తోంది. గోళ్ళు పెరిగి వంకర తిరిగాయి. మాటిమాటికీ తల విదిలించుకుంటోంది, దగ్గరికెళితే చెవిలోంచి కుళ్ళు వాసన. ఒత్తుగా ఉన్న బొచ్చు వల్ల పైకి తెలియలేదు గానీ, నిమిరితే పక్కటెముకలు ఒక్కొక్కటీ చేతికి తగిలాయి.

"ఏమండీ, ఉగాది ఫంక్షన్లో మళ్ళీ వాళ్ళ మొహాలు చూడాలి. ఆచితూచి మాట్లాడండి" అంది మా ఆవిడ. నిజమే. ఇంగ్లీషు పొరుగువాడి గురించయితే ఇంత ఆలోచించం. మనవాళ్ళయ్యేసరికి మొహమాటం అడ్డొస్తుంది.

అయితే ఇక్కడ మొహమాటానికి చోటు లేదని ఆ రాత్రి చట్టం చదివాక తెలిసింది. ఇంగ్లండ్, వేల్స్‌లకి వర్తించే 2006 జంతు సంక్షేమ చట్టం ప్రకారం జంతువుకి బాధ్యుడంటే యజమాని ఒక్కడే కాదు, తాత్కాలికంగా చూసుకునేవాడు కూడా. అంటే ఆ రెండు వారాలూ నేనే! తగిన చోటు, తగిన తిండి, సహజంగా మెలిగే వీలు, తోడు లేదా ఏకాంతం, నొప్పి నుంచీ జబ్బు నుంచీ రక్షణ - ఈ అయిదూ చూడాల్సిన పూచీ నాది. అకారణంగా బాధపెడితే పడే గరిష్ఠ శిక్షని 2021లో ఆరు నెలల జైలు నుంచి అయిదేళ్ళకి పెంచారు. మన దేశంలో 1960 నాటి చట్టం మొదటి తప్పుకి పెట్టిన జరిమానా పది నుంచి యాభై రూపాయలు!

మా ఆఫీసులో ఏ సమస్య వచ్చినా ముందు లాగ్ తీస్తాం. ఇక్కడా అదే పని. వచ్చిన రోజే తేదీ పడేలా ఫోటోలు తీశాను. రోజూ ఎంత తిన్నదీ, ఎన్నిసార్లు తల విదిల్చిందీ రాసుకున్నాను. నిందలు రాయలేదు, కళ్ళకి కనబడ్డదే రాశాను. బక్కగా ఉన్న ప్రతి కుక్కా నిర్లక్ష్యానికి గురైనదే అనలేం. లోపల జబ్బేదో ఉండి మందులు వాడుతుండొచ్చు. అది తేల్చాల్సింది వెట్. చెవిలో చుక్కలు మనమే వేసేద్దామన్న సొంత వైద్యం అసలు పనికిరాదు.

విజయవాడకి ఫోన్ చేశాను. "చెవి వాసనొస్తోంది, వెట్‌కి చూపిస్తాను, సరేనని మెసేజ్ పెట్టండి" అన్నాను. అవతల చాలాసేపు మౌనం. తర్వాత, "ఉద్యోగం పోయి అయిదు నెలలైంది అన్నా, ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. గ్రూమింగూ, వెట్టూ అన్నీ ఆపేశాడట. కుక్క తినేది పెరుగన్నం, ఇంట్లో మిగిలిన కూరలు. ఉల్లి, వెల్లుల్లి, ఎండు ద్రాక్ష కుక్కలకి విషమని వాళ్ళకి తెలియదు. పాయసంలో కిస్‌మిస్ కూడా అంతే, అమ్మమ్మలు గమనించాలి!

వెట్ రెండు చెవుల్లోనూ ఇన్‌ఫెక్షన్ ఉందన్నారు. అట్టలు కత్తిరించడానికి మత్తు ఇవ్వాల్సొచ్చింది. బిల్లు అప్పటికి నేనే కట్టాను. ప్రభుత్వ భత్యాల మీద ఉన్నవాళ్ళకి పీడీఎస్ఏ అనే ధర్మసంస్థ ఉచితంగానో తక్కువకో వైద్యం చేస్తుందని చెప్పి వివరాలు పంపాను.

"కుక్కని తిరిగివ్వకండి" అని ఇద్దరు మిత్రులు సలహా ఇచ్చారు. ఒప్పుకోలేదు. చట్టం దృష్టిలో జంతువు యజమాని ఆస్తి, అట్టేపెట్టుకుంటే దొంగతనం కేసు మన మీదకే రావచ్చు. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫోటోలు పెట్టడం అంతకన్నా చెడ్డ పని. మనిషి పరువు పోతుంది, కుక్క చెవి మాత్రం తగ్గదు.

అతను తిరిగొచ్చాక ఎదురుగా కూర్చుని ఒక మాట చెప్పాను: "నెల తర్వాత వచ్చి చూస్తాను. ఇలాగే ఉంటే ఆర్ఎస్‌పీసీఏకి నేనే ఫోన్ చేస్తాను." లండన్‌లో 1824లో పుట్టిన సంస్థ అది. దాని ఇన్‌స్పెక్టర్లకి సొంతంగా ఇంట్లోకి చొరబడే, కుక్కని పట్టుకెళ్ళే అధికారం లేదు. అవసరమైతే పోలీసుల్ని పిలుస్తారు. చాలాసార్లు సలహాతో, గడువుతో సరిపెడతారు. ఫిర్యాదు చేసినవాళ్ళ పేరు బయటపెట్టరు. అయినా చాటుగా చేయడం నాకిష్టం లేదు. అతనికి కోపమొచ్చింది. ఆ ఉగాదికి మాతో మాట్లాడలేదు కూడా.

నెల తర్వాత వెళ్ళాను. వాళ్ళావిడ తలుపు తీసి, టీ ఇచ్చి, కుక్కని నా ముందు వదిలి లోపలికి వెళ్ళిపోయింది. గోళ్ళు కత్తిరించి ఉన్నాయి, చెవులు శుభ్రంగా ఉన్నాయి. బరువు రాసిన వెట్ కార్డు టేబుల్ మీద నాకు కనబడేలా పెట్టారు.